రంగులు పోయిన నాలుగు తీగలు

మా తాతది ఉద్దానం, వజ్రపుకొత్తూరు వైపు. ఆయన మైకుసెట్టు ఆంప్లిఫయర్ మా బంధువొకాయన సౌదీ నుంచి తెచ్చింది. అక్కడ అప్పట్లో ఇళ్లల్లో 127 వోల్టులు, అందుకే దానికి 110/220 స్విచ్ ఉండేది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానుకి అది తడిసిపోయింది. కొబ్బరిచెట్లు పోయిన బాధలో దాన్నెవరూ పట్టించుకోలేదు. తర్వాత ఓ మెకానిక్ ట్రాన్స్‌ఫార్మర్ తీగలు కత్తిరించి, స్విచ్ పీకేసి తిరిగిచ్చేశాడు. మొన్న సెలవుల్లో తాత అన్నాడు: "ఏట్రా, ఇంజినీరింగ్ చదువుతున్నావు కదా, సంబరానికి ఇది మోగాల."

చూస్తే ఒకవైపు మూడు తీగలు, ఇంకోవైపు నాలుగు. రంగులన్నీ వెలిసిపోయాయి. మల్టీమీటర్‌తో చూశాను. మూడు తీగల్లో 0.3, 0.3, చివరి నుంచి చివరికి 0.6 ఓమ్స్. లావు తీగ, అది సెకండరీ. నాలుగింటిలో రెండు జతలు: 7.8, 8.3. అంటే రెండు ప్రైమరీలు. చుట్లు సమానమే అయినా పైన చుట్టిన దానికి తీగ ఎక్కువ పడుతుంది, అందుకే ఆ కాస్త తేడా.

మనకి 230 వోల్టులు కాబట్టి రెండిటినీ సిరీస్‌లో కలపాలి. ఏ చివర ఏ చివరకి? ఇక్కడే అసలు ప్రమాదం. తిరగేసి కలిపితే ఒకదాని అయస్కాంత క్షేత్రాన్ని రెండోది చంపేస్తుంది. ఇక అడ్డేదేమీ ఉండదు, తీగ రెసిస్టెన్స్ తప్ప: 230ని 16తో భాగిస్తే 14 ఆంపియర్లు పైనే. మా సీఎస్‌ఈ వాళ్ల భాషలో సైన్ బిట్ తప్పు, కానీ ఇక్కడ పొగొస్తుంది.

కాశీబుగ్గలో పాత రేడియోలు బాగుచేసే పెద్దాయన్ని అడిగితే, "సరాసరి ప్లగ్గులో పెట్టేస్తావేటి బాబూ?" అని నవ్వి, చిన్న 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చారు. ఏసీ ఇచ్చేదే కావాలి, మొబైల్ ఛార్జర్ పనికిరాదు. ఆ 12 వోల్టులు ఒక ప్రైమరీకే ఇవ్వాలి. పొరపాటున సెకండరీకి ఇస్తే ప్రైమరీ తీగల మీద షాక్ కొట్టేంత వోల్టేజీ పుడుతుంది.

రెండు జతల నుంచి చెరో చివరా కలిపి, మిగిలిన రెండు చివర్ల మధ్య కొలిచాను. దాదాపు సున్నా! తిరగేసి కలిపితే 24కి దగ్గరగా వచ్చింది. ఆ కలయికే సరైనది.

అయినా నేరుగా కరెంటు ఇవ్వలేదు. 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టాం (ఎల్‌ఈడీ పనికిరాదు, పాతది దొరకడానికే పూట పట్టింది). లోడు లేకుండా ఉన్నప్పుడు బల్బు ఒక్కసారి మెరిసి ఆరితే మంచిది, నిండుగా వెలిగితే లోపల షార్టు.

మాది మెరిసి ఆరింది. తాత మాత్రం, "బల్బు పోయిందేట్రా?" అన్నాడు.