కరోనా తగ్గిన పిదప క్యాన్సరు రోగులు గమనింపవలసిన సంగతులు

వరదనీరు తీసిన మరునాడు పైరు నిలిచియుండుట చూచి సంతోషింతుము. కాని వేరు కుళ్లినదో లేదో కొన్ని దినములు గడచినగాని తెలియదు. కరోనా వ్యాధియు నిట్టిదే. 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించిరి గాని, వ్యాధి లోకమును విడిచిపోలేదు. రాచపుండు, అనగా క్యాన్సరు, గలవారికి జ్వరము తగ్గినను దాని బాధలు కొన్ని నిలిచిపోవచ్చును.

బెల్జియము, ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ, స్పెయిను, బ్రిటను దేశములలోని 35 వైద్యశాలలవారు కలిసి, 2020 ఫిబ్రవరి మొదలు ఒక సంవత్సరకాలము కరోనా సోకిన క్యాన్సరు రోగుల వివరములు సేకరించి 2021లో ప్రకటించిరి. కోలుకొని మరల పరీక్షింపబడిన 1,557 మందిలో 234 మందికి, అనగా నూటికి 15 మందికి, బాధలు మిగిలియుండెను. వీరిలో సుమారు సగము మందికి ఆయాసము, దగ్గు మొదలగు శ్వాసబాధలు. నూటికి 41 మందికి తీరని నీరసము. పురుషులు, 65 ఏండ్లు నిండినవారు, ఇతర వ్యాధులు రెండైనను గలవారు, పొగ త్రాగినవారు, కరోనాతో ఆసుపత్రిలో చేరినవారు ఈ బాధలకు ఎక్కువగా లోనైరి.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి చికిత్సను గూర్చినది. కరోనా సోకునప్పటికి క్యాన్సరు మందులు వాడుచుండిన 466 మందిలో 70 మందికి చికిత్స శాశ్వతముగా నిలిచిపోయెను; 178 మంది మోతాదునో మందులనో మార్చుకొని తిరిగి మొదలుపెట్టిరి. చికిత్స నిలిచినవారికి మరణభయము సుమారు మూడున్నర రెట్లుండెను. మార్చుకొన్నవారికి అట్టి హెచ్చు కనబడలేదు. బలము క్షీణించి మానినవారును కలరు గాన, దోషమంతయు మానుటదే యనరాదు. అయినను నాట్లు, కోతల పనులు వచ్చినవనియో, నీరసముగా నున్నదనియో రోగి తనంతట తాను మందు మానుట ప్రమాదకరమని దీనివలన గ్రహింపవలెను. మోతాదు తగ్గించుటయా, కొన్నాళ్లు ఆపుటయా యనునది వైద్యుడు నిర్ణయింపవలసిన విషయము.

కావున మేము చెప్పునదేమన, జ్వరము వచ్చిన తేదీని, తప్పిన మందుల వివరమును వ్రాసియుంచి వైద్యునకు చూపుడు. గట్టు మీద నాలుగడుగులు వేయగనే ఆయాసము వచ్చినచో దాచకుడు. అది కరోనా శేషమో, రక్తహీనతయో, క్యాన్సరు ముదురుటయో పరీక్షవలననే తెలియును. క్యాన్సరు మందులు వాడుచుండగా జ్వరము 100.4 డిగ్రీలకు చేరినను, ఛాతినొప్పి గాని హఠాత్తుగా ఆయాసము గాని కలిగినను, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. రక్తసంబంధమైన క్యాన్సరు గలవారి శరీరమున ఈ క్రిమి వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు నిలువవచ్చును. టీకా కూడ వారికి తక్కువగా పనిచేయును. గావున ఇంటివారు సైతము టీకాలు వేయించుకొని, జలుబు, దగ్గు ఉన్నప్పుడు రోగికి దూరముగ మెలగుట మేలు.

మన సంఘ సభ్యులలో నిట్టి రోగి యున్నయెడల, అతని నీటి వంతును, కోతపనిని ఇరుగుపొరుగువారు కొన్నాళ్లు చూచుకొని, అతనిని గడువు తప్పక ఆసుపత్రికి పంపుదురు గాక. పరస్పర సహాయమునకే గదా సంఘము పెట్టుకొన్నది.