ఊరి నుండి చుట్టాలు వస్తే...

పాస్టరు ఇంటికి వచ్చే చుట్టాల్లో సగంమంది చేతిలో ఆసుపత్రి చీటీతోనే వస్తారు. చంపాపేట్‌లో మా ఇంటి సంగతీ అంతే. పట్నం చూడాలని బయలుదేరి వచ్చేవారు తక్కువ. రిపోర్టు రేపిస్తామన్నారనో, డాక్టరుగారు సాయంత్రం రమ్మన్నారనో మధ్యలో ఒక పూట మిగులుతుంది. ఆ పూట గురించే ఈ నాలుగు మాటలు.

కొన్నేళ్ళ క్రితం ఖమ్మం జిల్లా నుండి ఒక వృద్ధ సహోదరి కంటి ఆపరేషన్ కోసం వచ్చి మా ఇంట దిగారు. కట్టు విప్పిన మరునాడు "అయ్యగారూ, చార్మినార్ ఇక్కడికి దగ్గరేనటగా?" అని అడిగారు. ఆ రోజు నాకు రెండు కూటాలున్నాయి. "ఈసారి వచ్చినప్పుడు తప్పక చూద్దాం లెండమ్మా" అన్నాను. ఆమె మళ్ళీ రాలేదు. మరుసటి ఏడే ప్రభువు పిలుపు అందుకున్నారు. ఆ రెండు కూటాల్లో ఏం బోధించానో ఇప్పుడు నాకే జ్ఞాపకం లేదు. ఆమె అడిగిన మాట మాత్రం మరువలేదు. అప్పటి నుండి అతిథికి మిగిలిన పూటను నేను వదలను.

ఒక్క పూటే ఉంటే నా మొదటి ఓటు సాలార్‌జంగ్ మ్యూజియానికి. చంపాపేట్ నుండి ఐ.ఎస్. సదన్ మీదుగా పాతబస్తీ వైపు పోతే దూరమేమీ కాదు. శుక్రవారం మాత్రం సెలవు. అక్కడ ముసుగు వేసుకొన్న రిబ్కా పాలరాతి విగ్రహం ఉంది. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కినది. మొదటి సాలార్‌జంగ్ 1876లో కొనితెచ్చాడు. రాతినే పలుచని ముసుగుగా చెక్కి, దాని చాటున ముఖం కనబడేలా చేశాడు! వెళ్ళే ముందు రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆదికాండము 24వ అధ్యాయం చదువుకోండి. ఇస్సాకును చూడగానే ముసుగు వేసుకొన్నది ఆ అధ్యాయం చివరనే. అంతకుముందు బావి దగ్గర, ఎవరో తెలియని బాటసారికీ అతని పది ఒంటెలకూ నీళ్ళు తోడిపోసినది ఈ పిల్లే. చదువురాని అవ్వ కూడా కథ తెలిసి చూస్తే ఆ విగ్రహం ముందు నుండి త్వరగా కదలదు. మధ్యాహ్నం పన్నెండింటికి సంగీత గడియారం దగ్గర ఉండండి. గడ్డపు మనిషిబొమ్మ బయటికి వచ్చి పన్నెండు దెబ్బలు కొడుతుంది. పిల్లలకంటే పెద్దలే ఎక్కువ సంబరపడతారు.

అక్కడి నుండి చార్మినార్. 1591లో కట్టినది. మోకాళ్ళ నొప్పులవారిని మెట్లు ఎక్కించకండి, కింద నుండి చూసినా చార్మినారే. గోల్కొండకూ అదే మాట. పడుచువారైతే పైకి ఎక్కుతారు. పెద్దవారికి ఫతే దర్వాజా కింద చప్పట్ల వింత చూపిస్తే చాలు.

నడిచి అలసినవారికి ఇరానీ చాయ్ ఇప్పించండి. డికాక్షన్‌ను మూత బిగించి చాలాసేపు సన్న సెగ మీద ఉంచుతారు, పాలు వేరేగా చిక్కగా మరగబెడతారు. కప్పులో రెండూ కలుపుతారు. ఉస్మానియా బిస్కెట్ తీపిగా, కొంచెం ఉప్పగా ఉంటుంది. చాయ్‌లో ముంచి వెంటనే తీయాలి, ఆలస్యమైతే కప్పులోనే ఉండిపోతుంది! రంజాన్ నెలలో వచ్చినవారికి హలీం రుచి చూపించండి. గోధుమ, మాంసం గంటల తరబడి ఉడికించి మెత్తగా దంచుతారు కనుక పళ్ళులేనివారికీ ఇబ్బంది లేదు. బిర్యానీ గురించి నేను చెప్పనవసరం లేదు. అయితే ఆపరేషన్ అయినవారికి రాత్రిపూట బిర్యానీ పెట్టడం ప్రేమ కాదు. మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ వైపు సాయంత్రం రోడ్డు పక్కన అక్కలు జొన్నరొట్టెలు కాలుస్తుంటారు. వేడి రొట్టె, ఇంట్లో పచ్చిపులుసు, ఇంతకంటే ఒంటికి మంచి భోజనం నాకు తెలియదు.

మన పక్కనే ఉన్నా మనవారు చూడనిది ఒకటుంది. మలక్‌పేట దగ్గర ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద రేమండ్ సమాధి. నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని, 1798లో చనిపోయాడు. ఆయనను కొందరు మూసా రాం అన్నారు, కొందరు మూసా రహీం అన్నారు. మూసారాంబాగ్ పేరు అలా వచ్చినదే. రోజూ బస్సులో ఆ పేరు వింటూ నేనే ఇరవై ఏళ్ళు వెళ్ళలేదు.

రోజంతా ఖాళీ ఉంటే మెదక్. సుమారు వంద కిలోమీటర్లు. ఎల్.బి. నగర్‌లో మెట్రో ఎక్కి, ఎం.జి.బి.ఎస్.లో మారి జె.బి.ఎస్.లో దిగితే అక్కడ బస్సు. తెలంగాణ ఆధార్ ఉన్న స్త్రీలకు ఎక్స్‌ప్రెస్‌లో 2023 డిసెంబరు నుండి టికెట్టు లేదు. కరువు కాలంలో పోస్నెట్ దొరగారు పని కల్పించి, కూలివారికి అన్నం పెట్టి కట్టించిన ఆ దేవాలయం 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. రంగుటద్దాల కిటికీలు ఎండ ఉన్నప్పుడే చూడాలి. పొద్దు వాలాక పోతే నల్లగా కనబడతాయి. కాబట్టి తెల్లవారే బయలుదేరండి.

తిరిగి వచ్చేసరికి మా ఇంట్లో బగారా అన్నం, కోడికూర సిద్ధంగా ఉంటుంది. ఊరికి పోయేవారి సంచిలో పాస్టరమ్మగారు ఒక ఉస్మానియా బిస్కెట్ల డబ్బా పెడుతుంది, ఇంటి దగ్గర ఉండిపోయినవారి కోసం.