అద్దాల్లేని పొడి కూడా లేజరే!

అర్ధవాహక లేజర్లలో ఏది దేనిలో మొనగాడో ఓ పోటీ పెడదాం. ముందుగా, చాలా కాలం కాగితం మీదే నిద్రపోయిన ఒక లెక్క! ఉత్తేజం పొందిన పరమాణువుకు ఒక కాంతి కణం తగిలితే, అచ్చం అలాంటి మరో కణం బయటికొస్తుందని 1916లోనే ఐన్‌స్టీన్ చెప్పేశాడు. దాని పేరు ఉత్తేజిత ఉద్గారం, లేజర్‌కు ప్రాణం. తొలి లేజర్ వెలిగిందేమో 1960లో. అంటే 44 ఏళ్లకు!

అర్ధవాహకాల్లో అతి చలి కోరిన లేజర్లు తొలితరానివే. 1962లో అమెరికాలోని షెనెక్టడిలో రాబర్ట్ హాల్ వెలిగించిన గాలియం ఆర్సెనైడ్ ముక్క భుజం అర మిల్లీమీటరు కూడా లేదు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచితేగానీ వెలగలేదు. ఇంతా చేస్తే ఆ కాంతి పరారుణం, కంటికి ఆనదు!

సన్నదనంలో మొనగాళ్లు జింక్ ఆక్సైడ్ తీగలు. 2001లో బర్క్‌లీలో పెయ్‌డాంగ్ యాంగ్ బృందం పెంచిన ఈ స్ఫటికాల మందం 20 నుంచి 150 నానోమీటర్లు, పొడవు మహా అయితే 10 మైక్రోమీటర్లు. వరసగా పేరిస్తే ఒక బియ్యపు గింజ పొడవునా 600 లేజర్లు! విడిగా అద్దాలు అక్కర్లేదు, తీగ రెండు కొసలే అద్దాలు. చల్లబరచనూ అక్కర్లేదు. విడిచేది 385 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి. ఆ తరంగంలో సగం మందం కూడా తీగకు లేదు.

విచిత్రానికి మాత్రం నా ఓటు పొడికే. అదే జింక్ ఆక్సైడ్, కెలామిన్ లోషన్‌లో ఉండే తెల్లటి పదార్థం. 1999లో హుయ్ చావ్ బృందం ఈ పొడిని లేజర్ కాంతితో రెచ్చగొట్టింది. వరసా వాయీ లేని రేణువుల మధ్య కాంతి అటూ ఇటూ చెదిరి, తిరిగి తిరిగి బలపడి, లేజరై బయటపడింది. అద్దాల్లేవు, తీరైన ఆకారం లేదు! ఇలా జరగవచ్చని సోవియట్ శాస్త్రవేత్త లెతోఖోవ్ 1968లోనే ఊహించాడు.

హడావిడిలో క్వాంటం చుక్కలది పైచేయి. కొద్ది నానోమీటర్ల ఈ స్ఫటికాల్లో చేర్చిన శక్తి సెకనులో వెయ్యి కోట్లవ వంతులో, ఒక్కోసారి అంతకంటే ముందే, వేడిగా మారిపోతుంది. అంత సేపట్లో కాంతి కూడా 3 సెంటీమీటర్లే కదులుతుంది. ఆలోపే ఉద్గారం గెలవాలి. గెలవగలదని 2000లో లాస్ అలామోస్ శాస్త్రవేత్తలు చూపారు.

మరి అతి చిన్నవాటి మాటేమిటి? 2009లో వచ్చిన ‘స్పేసర్’ గోళం 44 నానోమీటర్లే, కాంతి తరంగమేమో 531. దాదాపు 12 రెట్లు పెద్దది! కానీ అందులో ఉన్నవి బంగారం, గాజు, రంగు. అర్ధవాహకం కాదు కాబట్టి ఈ పోటీలో దానికి కిరీటం లేదు.