అండమాన్ వెళ్తున్నారా? ముందు ఇది చదవండి

బదిలీ ఆర్డరు రాగానే మన ఇళ్ళలో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఎక్కడికి?" ఒకసారి మా ఇంట్లో దానికి వచ్చిన జవాబు "అండమాన్". అక్కడున్న రెండేళ్ళలో చుట్టాలు, పాత ఊళ్ళ స్నేహితులు చాలామంది మా ఇంటికి వచ్చారు. వాళ్ళకు చెప్పిన సంగతులే ఇప్పుడు మీకోసం అన్నాచెల్లెళ్ళం కలిసి రాస్తున్నాం.

ప్రయాణం: చెన్నై నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు, ఓడలో దాదాపు మూడు రోజులు. విశాఖపట్నం నుంచి కూడా ఓడ ఉంది కానీ రోజూ ఉండదు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది. హేవ్‌లాక్‌ను 2018లో స్వరాజ్ ద్వీప్‌గా, నీల్‌ను షహీద్ ద్వీప్‌గా మార్చారు. పాత పేర్లు, కొత్త పేర్లు రెండూ తెలిసి ఉంటే తికమక పడరు. ఎల్‌టీసీ మీద వెళ్ళేవారు టికెట్లు కొనకముందే ఆఫీసులో తాజా నిబంధనలు చూసుకోవాలి.

సముద్రం బాగా లేకపోతే ద్వీపాల మధ్య తిరిగే బోట్లు ఆపేస్తారు. మా పిన్నివాళ్ళు స్వరాజ్ ద్వీప్‌లో ఆఖరి రోజు దాకా ఉండిపోయారు. మర్నాడు బోటు రద్దయింది, విమానం తప్పిపోయింది. నలుగురికీ మళ్ళీ టికెట్లు కొనేసరికి బాబాయి దాచుకున్న డబ్బంతా అయిపోయింది. అందుకే తిరుగు విమానానికి ముందురోజు శ్రీ విజయపురంలోనే ఉండండి.

వేళలు: అక్కడా మన గడియారమే. కానీ ఆ ద్వీపాలు బాగా తూర్పున ఉండడం వల్ల చలికాలంలో సాయంత్రం ఐదు దాటగానే చీకటి పడుతుంది. ఉదయం ఆరింటికే బయలుదేరితే రోజు కలిసివస్తుంది.

తిండి, ఖర్చు: బియ్యం, పప్పు, ఉల్లిపాయల వంటివి ఎక్కువగా ఓడల్లోనే వస్తాయి. అందుకే అవి ఖరీదు. చేపలు, కొబ్బరిబొండాలు అక్కడివే. కాబట్టి హోటల్లో చేపలపులుసు, అన్నం అడగండి. శాకాహారులకు ఇడ్లీ, దోశ దొరుకుతాయి. చిన్న ద్వీపాల్లో ఏటీఎంలు తక్కువ, ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. చేతిలో కొంత డబ్బు ఉంచుకోండి. ప్రైవేటు బోట్ల కంటే ప్రభుత్వ బోట్లలో టికెట్టు చాలా చవక, కానీ త్వరగా అయిపోతాయి.

మనుషులు: బెంగాలీ, తమిళం, తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందరినీ కలిపేది హిందీ. బజారులో తెలుగు వినిపించిన మొదటి రోజు అమ్మ ముఖం వెలిగిపోయింది.

బారాటాంగ్ వెళ్ళే రోడ్డు జరవా ఆదిమవాసుల అడవి గుండా పోతుంది. వాహనాలన్నీ గుంపుగా, కాపలాతో వెళ్తాయి. దారిలో దిగకూడదు, ఫోటో తీయకూడదు, బిస్కెట్లు ఇవ్వకూడదు. మనకు మామూలు జలుబే వాళ్ళకు ప్రాణాంతకం కావచ్చు. పైగా వాళ్ళు చూసే వస్తువులు కారు, అది వాళ్ళ ఇల్లు. సెల్యులార్ జైలులోనూ గట్టిగా అరుస్తూ పరుగులు తీయకండి. 1906లో పూర్తయిన ఆ గదుల్లో ఎందరో స్వాతంత్ర్య యోధులు ఒంటరిగా రోజులు గడిపారు.

చివరిగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మొదటి సెలవులకు ఊరికి వెళ్తూ ఒడ్డున ఏరిన గవ్వలు, పగడపు ముక్కలు సంచిలో దాచుకున్నాం. విమానాశ్రయం తనిఖీలో బయటపడ్డాయి. వాటిలో చాలా రకాలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉందని అప్పుడే తెలిసింది. అందరి ముందూ నాన్నగారు తలవంచుకుని మా తరఫున క్షమాపణ చెప్పారు. మమ్మల్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది! ఖాళీ గవ్వ కూడా అక్కడ ఒక చిన్న పీతకు ఇల్లవుతుంది. బదిలీల మీద తిరిగే మనకు ఇంటి విలువ ఇంకొకరు చెప్పాలా?