మూటలో కార్డుందా?

వానాకాలం పంట ఇంటికి చేరిందంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌ పల్లెల్లో కొన్ని ఇళ్లకు తాళాలు పడతాయి. హైదరాబాద్‌, ముంబయి, పుణె... పని ఎక్కడుంటే అక్కడికి! పాలమూరు వలసలు సాగునీరు వచ్చాక తగ్గాయిగానీ పూర్తిగా ఆగలేదు. బియ్యం, గిన్నెలు, దుప్పట్లు అన్నీ మూటకెక్కుతాయి. మరి చంటిబిడ్డ టీకా కార్డు?

‘పుట్టగానే సూది వేయించాంగా’ అంటే చాలదు. అది ఏ రకం టీకా అన్నది ముఖ్యం.

బీసీజీ, పోలియో చుక్కలు, తట్టు-రుబెల్లా టీకాల్లో ఉండేవి బతికున్న క్రిములే. కాకపోతే కోరలు పీకిన పాముల్లాంటివి. ఒంట్లో అవి కాస్త పెరిగేసరికి నిజంగానే జబ్బు వచ్చిందనుకుని శరీరం ఆయుధాలు సిద్ధం చేసుకుంటుంది. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాక ఒకసారి వేస్తే ఎక్కువమందికి పనిచేస్తుంది. పనిచేయని కొద్దిమంది కోసమే 16-24 నెలల మధ్య రెండోది.

పెంటావాలెంట్‌ దారి వేరు. ఒకే సూదిలో ఐదు జబ్బులకు మందు ఉన్నా బతికున్న క్రిమి ఒక్కటీ ఉండదు. కోరింత దగ్గుకు చంపేసిన క్రిమి. ధనుర్వాతం, కంఠసర్పిలకైతే ఆ క్రిములు కక్కే విషాన్నే విరిచేసి వాడతారు. హిబ్‌కు క్రిమి పైతొడుగులోని చక్కెర పదార్థం. హెపటైటిస్‌-బికి వైరస్‌ పైపొరలోని ప్రొటీన్‌ ఒక్కటే. దాన్ని తయారుచేసే విద్యను మనదేశంలో మొదట సాధించింది హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్‌. 1997లో వచ్చిన శాన్‌వాక్‌-బి అదే.

ఇలాంటి టీకాలను శరీరం ఒక్కసారికే బాగా గుర్తుపెట్టుకోదు. అందుకే 6, 10, 14 వారాలకు మూడు డోసులు. తర్వాత 16-24 నెలలకు, అయిదారేళ్లకు డీపీటీ బూస్టర్లు. వలసపోయిన ఇంట్లో తెగే ప్రమాదం ఉన్నది ఈ గొలుసే! పైగా ధనుర్వాతం క్రిమి మట్టిలో ఉంటుంది. మనిషి నుంచి మనిషికి అంటదు కాబట్టి చుట్టూ అందరూ టీకా వేయించుకున్నా మన బిడ్డకు రక్షణ లేనట్టే. తట్టు అలా కాదు. టీకా లేనివాళ్ల మధ్య ఒక్కరికి వస్తే 12 నుంచి 18 మందికి అంటించగలదు. ఇరుకు షెడ్లలో పక్కపక్కనే పడుకునే పిల్లల సంగతి వేరే చెప్పాలా?

డోసు తప్పిందని భయపడి ఊరుకోవద్దు. మళ్లీ మొదటినుంచి వేయించనక్కర్లేదు, ఆగిన దగ్గర్నుంచి కొనసాగిస్తారు. ఏ రాష్ట్రంలోనైనా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమే. బయల్దేరేముందు ఏఎన్‌ఎమ్మునో ఆశా కార్యకర్తనో అడిగితే తర్వాతి తేదీ చెబుతారు. ఆ కార్డును ఆధార్‌, రేషన్‌ కార్డులున్న కవర్లోనే పెట్టుకుంటే సరి.