పావకుడు చెయ్యలేని పని

అగ్నికి పావకుడని ఒక పేరుంది. పవిత్రం చేసేవాడని దాని అర్థం. సీత అగ్నిప్రవేశం మొదలు నేటి కవుల అగ్నిగీతాల దాకా, నిప్పులో పడ్డ మలినం నశిస్తుందనే నమ్మకం మన సాహిత్యంలో రూపాలు మార్చుకుంటూ వచ్చింది. ప్రతీకగా దాని శక్తిని కాదనలేం. అయితే ఆస్పత్రి చెత్తను కాల్చే ఇన్సినరేటర్ విషయంలో కూడా మనం ఇదే నమ్మకంతో తృప్తిపడుతున్నాం. అందుకే అక్కడ నిజంగా ఏం జరుగుతుందో తెలుసుకోవడం అవసరం.

ఆస్పత్రి చెత్తలో నెత్తుటి దూదితోపాటు కాలం చెల్లిన మందులూ వుంటాయి. మన దేశంలో 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇవి పసుపుపచ్చ సంచిలో చేరాలి. ఇన్సినరేటర్‌కు రెండు గదులుంటాయి. మొదటి గదిలో సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర చెత్త కాలుతుంది. దాని నుంచి లేచిన వాయువులు రెండో గదిలో సుమారు 1050 డిగ్రీల దగ్గర కనీసం 2 సెకన్లు నిలిచి పూర్తిగా మండాలి. జీవకణాలను చంపే కేన్సర్ మందులకైతే 1200 డిగ్రీలు దాటాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. ఇంధనం ఖర్చు తగ్గించడానికి వేడి తగ్గించినా, ఒక్కసారే ఎక్కువ చెత్త కుక్కినా, సగం కాలిన మందు బూడిదలోనూ పొగలోనూ మిగిలిపోవచ్చు.

పూర్తిగా కాలినా సమస్య తీరదు. నిప్పు అణువును విడగొట్టగలదు గాని మూలకాన్ని నాశనం చెయ్యలేదు. సిస్‌ప్లాటిన్ అనే కేన్సర్ మందును కాలిస్తే అందులోని ప్లాటినం ఎక్కడో ఒకచోట మిగిలే వుంటుంది. క్లోరిన్ వున్న పి.వి.సి. ప్లాస్టిక్ కలిసి కాలితే, పొగ చల్లబడేటప్పుడు డయాక్సిన్లు ఏర్పడతాయి. చెత్తలో లేని కొత్త విషం కాల్చడం వల్లనే పుడుతుందన్నమాట. 2001 నాటి స్టాక్‌హోమ్ ఒడంబడిక ఆస్పత్రి చెత్త ఇన్సినరేటర్లను డయాక్సిన్ల జన్మస్థానాల్లో చేర్చింది. మన 2016 నిబంధనలు కూడా క్లోరిన్ ప్లాస్టిక్‌ను కాల్చరాదన్నాయి.

ఈ రసాయన శాస్త్రం రచయితలకెందుకని అడగవచ్చు. మందు వల్ల మేలు పొందేది రోగి. లాభం పొందేది కంపెనీ. బూడిద ఎత్తేది కార్మికుడు. పొగ పీల్చేది ఆ చుట్టుపక్కల పేటలో వుండే జనం. వీళ్ళలో చాలామందికి ఆ మందు కొనుక్కునే స్తోమత కూడా వుండదు. మన కథల్లో ఆస్పత్రి అంటే తరచుగా డాక్టరూ, రోగీ, మంచమూ. వెనక గేటు దాటి వెళ్ళిన కథలు తక్కువ. సంచులు వేరుచేసే ఆయా పాత్రగా రావడం మరీ అరుదు.

వాస్తవికతను కోరే రచయిత "కాల్చేశారు" అన్న మాట దగ్గర ఆగిపోకూడదు. ఎంత వేడిలో కాల్చారు, దేనితో కలిపి కాల్చారు, బూడిద ఎక్కడ పోశారు, దాన్ని ఎత్తిన మనిషి చేతికి తొడుగు వుందా అని అడగాలి. జవాబు కోసం ఆ మనిషి దగ్గరికే వెళ్ళాలి.