గుమ్మంలోకి వచ్చే కొల్లేటి పిట్ట

"కొల్లేటి పిట్టలమ్మా!" అంటూ గుమ్మం ముందు బుట్ట దిగితే ఏం చేస్తాం? ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు ఉండే మనం జవాబు చెప్పుకోవలసిన ప్రశ్నే ఇది.

బేరమాడే ముందు ఒక్క సంగతి వినండి. 1946లో కొల్లేటి ప్రాంతంలో గూడబాతుల గూళ్ళు సుమారు 3,000 ఉన్నట్టు పక్షి పరిశీలకులు కె.కె. నీలకంఠన్ గుర్తించారు. 1975 ప్రాంతానికి ఆ స్థావరమే కనుమరుగైపోయింది.

గూడబాతంటే ముక్కు కింద సంచి వేలాడే పెద్ద పక్షి. మూడు నాలుగు గుడ్లు పెట్టి నెల రోజులు పొదుగుతుంది. తర్వాత తల్లీ తండ్రీ ఇద్దరూ చేపలు తెస్తేనే పిల్లలకి తిండి. ఒక్కటి వలలో పడిందా, గూడంతా పస్తే.

కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. కైకలూరు దగ్గర ఆటపాకలో నీళ్ళ మధ్య ఇనుప స్టాండ్లు నిలబెడితే, వాటిమీద గూడబాతులు మళ్ళీ గూళ్ళు కట్టుకుంటున్నాయి. కాస్త చోటిస్తే చాలు, అవి తిరిగొస్తాయన్నమాట.

ఇక మన వంతు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల్ని పట్టడమే కాదు, అమ్మడం, కొనడం కూడా నేరమే. కొనేవాళ్ళు లేకపోతే వల వేసేవాళ్ళూ తగ్గుతారు.

చలికాలంలో పిల్లల్ని ఆటపాక తీసుకెళ్ళండి. దూరంనుంచే చూపించండి, కేకలు వేయనివ్వకండి, ప్లాస్టిక్ సంచులు గట్టున పారేయకండి. గూట్లో మేత పెడుతున్న తల్లిపక్షిని ఒక్కసారి చూశారంటే, రేపు ఆ బుట్ట గుమ్మంలోకొస్తే మనకంటే ముందు పిల్లలే వద్దంటారు.